మెయిన్ స్విచ్ పక్కనుంచే పరుగెత్తాను

సూరత్‌లోని గోడాదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాను. మా కార్ఖానాలో నేల ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే ఆపదొస్తే మెయిన్ స్విచ్ దించేస్తాం. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగితే అందరూ బయటికి ఉరుకుతారు.

పోయినేడు ఒక మధ్యాహ్నం నా ఫోన్‌లో భూకంప హెచ్చరిక వచ్చింది. తీవ్రత ఐదు దాటొచ్చని అంచనా. స్విచ్ పక్కనుంచే పరుగెత్తి రోడ్డు మీదికి వచ్చేశాను. లోపల పదిమంది పనిలోనే ఉన్నారు.

ఏమీ కూలలేదు. కాసేపటికి అదే ఫోన్, తీవ్రత నాలుగు కూడా లేదని సవరించింది. తల దించుకుని లోపలికి వెళ్లాను. పక్క సాంచాలు నడిపే రాజన్న నా సాంచా మీద వంగి, తెగిన పోగు ముడేస్తున్నాడు.

"ఏడికి వోయినవ్ తమ్మీ?" అని చెవిలో అరిచాడు.

"పానం మంచిగలేక బయటికి వోయిన అన్నా."

"అయితే జర కూసో. నీ సాంచాలు నేన్ జూస్కుంట."

సిగ్గుతో కూర్చుండిపోయాను. భూకంపం గురించి ఫోన్ వేసిన అంచనా ఎక్కువని నిమిషాల్లో తేలిపోయింది. నా గురించి రాజన్న వేసుకున్న అంచనా కూడా ఎక్కువేనని ఆయనకు ఇప్పటికీ తెలియదు.