రాజరత్నం మాస్టారి మూతలు

రాజరత్నం మాస్టారు తన కళ్లెదుట ఏ మూతనూ ఇంకొకరి చేత తీయనిచ్చేవారు కారు. అది సోడా సీసా కావచ్చు, ఆవకాయ జాడీ కావచ్చు, చివరికి నా టిఫిన్ బాక్సు కావచ్చు. "ఉండండి బేబి గారూ, నేను తీస్తాను" అని లాక్కుని, మొహం పక్కకి తిప్పి, లోపల పాముందన్నంత జాగ్రత్తగా తీసేవారు. లోపల ఇడ్లీలు ఉండేవి.

ఒకసారి ఆయన భార్య ఆశాజ్యోతి గారు నాకు ఫోన్ చేశారు.

"మాస్టారు బయల్దేరారా అండి? కుక్కర్ దించి చాలాసేపైంది. పిల్లలు ఆకలంటున్నారు."

"మీరు తీసేయండి మరి."

"అమ్మో, ఆయన రావాలండి!"

మా చర్చి విందుల్లోనూ అంతే. పాస్టరు గారు ఆమెన్ అన్నాక కూడా జనం పళ్లేలు పట్టుకుని ఆగేవారు. మాస్టారు వచ్చి బిర్యానీ డేగిసా మూత తీస్తేనే భోజనం మొదలయ్యేది.

రాజమండ్రి శివార్లలోని మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన లోహాల ల్యాబ్ చూసేవారు. నేను పక్క గదిలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. గోడ అవతల ఆయన మిల్లు దడదడలాడుతుంటే నా పాఠం నాకే వినబడేది కాదు. ఉక్కు జారులో రెండు మూడు లోహాల పొడులు పోసి, ఉక్కు గుండ్లు వేసి, మూత బిగించి గిరగిరా తిప్పుతారు. గుండ్ల దెబ్బలకి పొడి నలిగి, విరిగి, మళ్లీ అతుక్కుని, చివరికి అంతా ఒకే లోహమవుతుంది. కొలిమితో పని లేదు.

పొడులు తూచడం, మిల్లు నడపడం విద్యార్థులే చేసేవారు. మూత మాత్రం మాస్టారిదే. అది కూడా జారు పూర్తిగా చల్లారాక, అందరినీ గుమ్మం దాటించి, తలుపు వేసుకుని తీసేవారు. మెత్తటి లోహప్పొడి గాలి తగిలితే మండవచ్చని మొదటి క్లాసులోనే చెప్పేవారు. కానీ ఆ మంటను ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని నమ్మడం పిల్లలకి కష్టం. "క్రెడిట్ ఎక్కడ పోతుందోనని సార్ భయం" అని వెనకాల నవ్వుకునేవారు.

కడియం నర్సరీలో అంట్లు కట్టే మరిడమ్మ కూతురు లోవలక్ష్మి ఆ ఏడాది ఎం.టెక్ చివరికొచ్చింది. మెగ్నీషియాన్నీ టైటానియాన్నీ కలిపే పని తీసుకుంది. ఆ రెంటినీ కరిగించి కలపడం కుదరదు. టైటానియం కరిగేలోపే మెగ్నీషియం ఆవిరైపోతుంది. కలిస్తే మిల్లులోనే కలవాలి. డిగ్రీ చేతికొస్తే బెంగళూరులో పరిశోధనకి సీటు సిద్ధంగా ఉంది.

పరీక్ష రోజు సాయంగా నేనూ ల్యాబ్‌లోనే ఉన్నాను. కరెంటు పోయి పని వెనకబడింది. బయటి నుంచి విజయ్ పాల్ గారు ఎగ్జామినరుగా వచ్చేసరికి మిల్లు అప్పుడే ఆగింది. అందులో తిప్పిన జార్లు రెండూ ముట్టుకుంటే కాలుతున్నాయి.

"తీయండమ్మా, చూద్దాం" అన్నారాయన. "నాకు రాజమండ్రిలో రైలుంది."

"చల్లారాలండి" అన్నారు మాస్టారు.

"ఎంతసేపు?"

"సాయంత్రం దాకా పట్టచ్చండి."

"పొడి చూడకుండా మార్కులెలా వేస్తానండీ? అసంపూర్తి అని రాసేస్తాను. అయినా అమ్మాయిని తీయనివ్వరేంటి? అన్నీ మీరే చేస్తే ఆ పిల్ల చేసిందేంటి?"

లోవలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను తీస్తాను సార్" అంటూ ముందుకొచ్చింది.

"వద్దమ్మా." మాస్టారి గొంతు అంత గట్టిగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఆయన గ్లౌజులు తొడిగి, మొహం మీదికి అద్దపు ముసుగు దించుకున్నారు. "అందరూ బయటికి వెళ్లండి. ఒక్క జారు తీస్తాను."

మేం గుమ్మం దగ్గర నిలబడ్డాం. మూత కదిలిందో లేదో, తెల్లటి వెలుగు ఒకటి గదంతా కమ్మేసింది. నేను నీళ్ల బకెట్ అందుకున్నాను.

"నీళ్లొద్దు, ఇంకా మండుతుంది!" అని లోపలి నుంచి కేక. ఆయన రెండు చేతులా పొడి ఇసుక ఎత్తి పోస్తున్నారు. మంట ఆగేసరికి గ్లౌజులు మాడి వేళ్లకి అతుక్కున్నాయి.

కాలేజీ డిస్పెన్సరీలో నర్సు ఆయన ఎప్పుడూ తొడిగే పొడుగు చేతుల చొక్కాని కత్తిరించింది. మోచేతుల దాకా పాత మచ్చలు. కొన్ని నల్లగా, కొన్ని పాలిపోయి.

"ఇవేంటి సార్?" అంది లోవలక్ష్మి.

ఆయన సిగ్గుపడ్డారు. "అది మీ సీనియర్ శాంతికుమార్ జారు. ఇది తబితది. మొదట్లో నాకూ తెలిసేది కాదమ్మా. ఒక్కోటి కాలాక ఒక్కో జాగ్రత్త నేర్చుకున్నాను."

"వాళ్లకి చెప్పలేదా?"

"చెప్తే నా వల్ల సార్ చెయ్యి కాలిందని ఏడుస్తారు. పని మానేస్తారు. మూతలంటే పిచ్చి ఉన్నవాడు అనుకుంటే నష్టమేంటి? నవ్వుతూ చదువుకుంటారు."

మా వెనకే వచ్చిన విజయ్ పాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి రైలు టికెట్ రద్దు చేసుకున్నారు.

"నన్ను క్షమించండి మాస్టారూ. ఇంకో జారుంది కదా. చల్లారే దాకా కూర్చుంటాను."

సాయంత్రానికి రెండో జారు చల్లబడింది. మాస్టారు కట్లు కట్టిన చేతుల వంక చూసుకున్నారు, తర్వాత లోవలక్ష్మి వంక చూశారు. ముసుగు ఎలా దించాలో, మూత మరను ఎంత నెమ్మదిగా వదులు చేయాలో, గాలిని ఎలా కొంచెం కొంచెంగా లోపలికి పోనివ్వాలో చెప్పారు. మళ్లీ చెప్పారు. ఇంకోసారి చెప్పబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి, తలుపు అద్దంలోంచి కనబడేలా బెంచీ మీద కూర్చోబెట్టాను.

విజయ్ పాల్ గారు క్యాంటీన్ నుంచి టీ తెచ్చారు. మాస్టారు గ్లాసు పట్టుకోలేరని తానే ఆయన నోటి దగ్గర పెట్టి పట్టుకున్నారు. మాస్టారి చూపు మాత్రం అద్దం మీదే.

లోపల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత లోవలక్ష్మి గొంతు వినబడింది. "సార్! బాగుంది సార్! బూడిదలా మెత్తగా ఉంది, రండి!"

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. టీ అంతా విజయ్ పాల్ గారి తెల్ల చొక్కా మీద ఒలికింది.

"అయ్యో, క్షమించాలండి" అని మాస్టారు కట్ల చేతుల్తో తుడవబోయారు.

"చొక్కాదేముందండీ, ముందు పొడి చూద్దాం పదండి" అంటూ ఆయన మాస్టారి కంటే ముందే లోపలికి పరుగెత్తారు.