పెట్రోలుకే మొదటి వాటా

ఆ చలికాలం వెర్లీన్ హాజెట్ వచ్చి మా పక్కన బండి ఆపింది. మొదటి నెలలో ఆమె మా పక్కన ఉన్నది పదకొండు రోజులే.

అరిజోనా ఎడారిలో బండి నిలుపుకోవడానికి చలికాలమంతటికీ ఒకటే రుసుము. అది కట్టేశాక మాలాంటివాళ్ళం ఏప్రిల్ దాకా చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టుకుని కదలకుండా ఉంటాం. ఎవరికీ వేరే ఇల్లు లేదు, బండే ఇల్లు. వెర్లీన్ కూడా రుసుము కట్టింది. కానీ నాలుగో రోజుకల్లా గిన్నెలు సర్ది, ఆ ఇరవై ఎనిమిది అడుగుల బండిని రోడ్డెక్కించేది. వారం తిరిగి, పెట్రోలుకు డబ్బుల్లేక వెనక్కి వచ్చేది.

ఆమెకు వచ్చే పింఛను నెలకు పదిహేడు వందల డాలర్లు. అందులో పెట్రోలుకు రెండు వందల యాభై అని రాసుకుంది. అయ్యేది ఏడు వందలు. నెలాఖరు వారమంతా డబ్బా చిక్కుళ్ళే తిండి.

"ఆ బండి నీకు కూడు పెడుతోందా, నువ్వు దానికి పెడుతున్నావా?" అనేవాడు మా ఆయన ఒరిన్. పూర్వం లారీలు బాగుచేసేవాడు.

"నీలా వేళ్ళూనుకుని కూర్చోలేనయ్యా," అనేది ఆమె.

జనవరిలో ఒరిన్ ఆమె టైర్లు చూసి తల పట్టుకున్నాడు. ఆరూ పగుళ్ళిచ్చాయి. మొత్తం మార్చాలంటే పదిహేను వందలవుతుంది. ఆమె దగ్గరున్నవి నాలుగు వందలు.

"రెండు నెలలు కదలకుండా ఉంటే ఆ పెట్రోలు డబ్బులే టైర్లవుతాయి," అన్నాను.

వెర్లీన్ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "నేనడిగినా ఇవ్వకు."

మొదటివారం బండి కడిగింది. రెండోవారం కుర్చీని పొద్దున తూర్పుకు, మధ్యాహ్నం ఉత్తరానికి మార్చింది. ఆపైన నడక మొదలుపెట్టింది. తారురోడ్డు దాకా వెళ్ళి, పోయే లారీలను చూసి వచ్చేది. పంతొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడింది.

"తాళంచెవి ఇవ్వు. బ్యాటరీ చచ్చిపోతుంది, ఒక్కసారి ఇంజను తిప్పి ఆపేస్తా."

"అబద్ధం."

"అబద్ధమే. ఇవ్వు."

నేనివ్వలేదు. ఆమె మెట్టు మీద కూలబడింది.

"గ్లెన్‌కు పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు మంచంలో ఉన్నాడు," అంది. భర్త సంగతి ఎత్తడం అదే మొదటిసారి. "ఆ గది కిటికీలోంచి పక్కింటి గరాజు గోడ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఎక్కడైనా నాలుగు రోజులుంటే చాలు, ఎదురుగా ఆ గోడ లేస్తుంది. నాకు తిండి తగ్గినా ఫరవాలేదే. కదలకపోతే మాత్రం చచ్చిపోతాను."

అప్పటిదాకా నేను ఆమెది దుబారా అనుకున్నాను. ఆ పూట కాగితం తెచ్చి ఇద్దరం మళ్ళీ రాశాం. పెట్రోలుకు మొదటి వరుసలో ఆరు వందలు. మిగిలినవన్నీ దాని కింద. ఎలా కోసినా ఆ పెద్ద బండితో కుదరలేదు. గాలన్‌కు ఎనిమిది మైళ్ళే ఇస్తుంది.

"అయితే బండే పోవాలి," అంది వెర్లీన్.

ఫిబ్రవరిలో మిన్నెసోటా నుంచి వచ్చిన దంపతులెవరో దాన్ని పాత టైర్లతోనే తొమ్మిది వేలకు కొన్నారు. ఆమె అయిదున్నర వేలకు ఒక పాత చిన్న వ్యాను కొంది. గాలన్‌కు ఇరవై రెండు మైళ్ళు. లోపల పరుపు, ఒక పొయ్యి, అంతే.

ఒరిన్ ఊరుకోలేదు. "అరవై ఆరేళ్ళొచ్చాయి. బాత్‌రూమ్ కూడా లేదు. బకెట్టుతో నెట్టుకొస్తావా?"

"పదకొండేళ్ళు మొగుడి బకెట్టు మోశాను. నాది నేను మోసుకోలేనా?"

మా ఆయన లేచాడు. వెళ్ళి ఆమె వ్యానుకు ఆయిలు మార్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. యూటా అంటుంది, వారం తిరక్కుండా ఐడహో అంటుంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయట. వ్యానులో నిటారుగా నిలబడడానికి లేదట. నెలాఖరుకు మాత్రం ఇంకా నలభై డాలర్లు మిగులుతున్నాయి.

"నిద్రపడుతోందా?" అని అడిగాను మొన్న.

"బండి నడిపిన రోజు పడుతోంది," అంది. వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది.