నిండు ముఖం

ఆముదం కాచిన వాసన నాకు పడదు. మొన్న పక్కింటావిడ మనవరాలికి రాయడానికి కాస్తుంటే కిటికీ మూసేశాను. ఏమనుకుందో ఏమో, అనుకోనీ! నాకు అది పసిపిల్లల వాసన కాదు, ఇదే ఇంట్లో తెల్లవారుజామున మా అమ్మ చేతుల వాసన.

బాపు గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. అమ్మ రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టి ఇస్తేనే మగ్గం నడిచేది, మగ్గం నడిస్తేనే పొయ్యి వెలిగేది. పులిసిన గంజి వాసన, గోడవారన ఆరేసిన రంగు పోగులు, కండె అయిపోగానే బాపు వేసే చిన్న కేక, వీటి మధ్యే సిద్దిపేటలో నా చిన్నతనమంతా గడిచింది. తమ్ముడు పుట్టిన ఏడే అమ్మ వేళ్లు పొద్దున్నే ముడుచుకుపోయి తెరుచుకోవడం మానేశాయి. కణుపులు ఎర్రగా ఉబ్బేవి, చెంబు పట్టుకుంటే జారిపోయేది. ఆముదం రాసి, జిల్లేడాకులు వెచ్చచేసి కడితే ఎండెక్కేసరికి కాస్త కదిలేవి. నాయనమ్మ అంతటితో ఆగలేదు. నల్లజీడి గింజను దీపం మీద కాల్చి, చర్మం పొక్కించే ఆ రసంతో కణుపు కణుపుకూ చుక్కలు పెట్టింది. పుండ్లు పడి కారుతుంటే, "గింతకే ఒర్రుతవేందే? మేం కనలేదా పిల్లలను, మాకు రాలేదా వాతాలు?" అంది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ పేరుస్తుంటే గునుగుపూలు అమ్మ వేళ్లలోంచి జారి నేలపాలయ్యాయి. వాడకట్టు ఆడవాళ్లు చూస్తుండగానే నాయనమ్మ తాంబాలం లాక్కుంది.

"పువ్వే నిలుస్తలేదు గీ చేతులల్ల, ఇగ కండె ఏం నిలుస్తది?"

చప్పట్లు కొట్టలేని అమ్మ ఆటకు రాలేదు. నేను మాత్రం మలీద ముద్దలు తిన్నాను, తియ్యగానే ఉన్నాయి.

తర్వాత కోహెడ వైపు నుంచి ఒక మనిషి సంచీ తగిలించుకొని వచ్చాడు. కాగితం పొట్లాల్లో తెల్లటి పొడి. "తేనెల కలిపి తినిపియ్యి, రాట్నం కాడ కూసుంటది" అన్నాడు బాపుతో. నిజంగానే కూర్చుంది! కండెలు గుట్టపడ్డాయి, అమ్మ ఎండిన బుగ్గలు పూరీల్లా పొంగాయి. చుట్టాలంతా "ఒళ్లు చేసింది" అని మురిశారు. రెండు పూటలా తిండికే వెతుక్కునే మా వాడలో ముఖం నిండితే రోగం పోయినట్టే. మరుసటి బతుకమ్మను అమ్మ నా నడుమంత ఎత్తు పేర్చింది. ఆ మురిపెంలోనే బాపు ఆమెను స్టూడియోకు తీసుకుపోయి ఫోటో తీయించాడు.

పొడి లేనినాడు అమ్మ లేవలేకపోయేది. అది కనిపెట్టి ఆ మనిషి ధర పెంచుతూ పోయాడు, వాడి నోట్లో మన్ను పడ! ముందు అమ్మ కడియాలు పోయాయి, తర్వాత ఇత్తడి బిందెలు, చివరికి మగ్గమే. మగ్గం నడవాలని మొదలుపెట్టిన పొడి కోసం మగ్గాన్నే అమ్ముకున్నాం. కొన్నవాళ్లు దాన్ని ఊడదీస్తుంటే అమ్మ ఆ గుండ్రటి ముఖంతో వాకిట్లో కూర్చొని, "ఇగ నాకు పొడెందుకయ్యా? చుట్టనీకి ఏమున్నది?" అని బాపును అడిగింది. వారం తిరగకముందే బాపు మరమగ్గాల పనికని భివండి బస్సెక్కాడు.

మగ్గం డబ్బులు అయిపోయాక పొడి ఆగింది, అమ్మ మంచం పట్టింది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ అమ్మ బుగ్గ నొక్కి చూసింది. "స్టెరాయిడ్ మాత్రలు నూరి ఇచ్చినట్టున్నరు. ఇది ఒళ్లు కాదమ్మా, వాపు. కీళ్లవాతం లోపల్లోపల తింటనే ఉన్నది" అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "పొడి తిన్నప్పుడే మంచిగుండె" అని పోయేదాకా అంటూనే ఉంది. నా బడి ఆగిపోయింది. ముద్దలు కలిపి అమ్మ నోట్లో పెట్టడమే, ఆమె బతికినన్నాళ్లూ, నా పని అయింది.

ఇప్పుడు మా వాడలో ఒక్క మగ్గం చప్పుడూ లేదు. మా ఇంట్లో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచి, దానిమీద టీవీ పెట్టుకున్నాం. పైన గోడకు అమ్మ ఫోటో, ఉన్నదొక్కటే. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, "మీ అమ్మ ముఖం ఎంత నిండుగున్నదే! గా కాలం తిండే వేరు. ఏం తిన్నదో ఏమో!" అంటారు.

ఏం తిన్నదో నాకు తెలుసు.