నా కాళ్లు చూసేదాకా అన్నం ముట్టని పెద్దమనిషి

సహోదరీ సహోదరులారా, ఈ రోజు ఈ మైకు ముందు రెండు కాళ్ల మీద నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా ప్రభువు పెట్టిన భిక్ష. నా పేరు సుగుణమ్మ. ఉప్పుగూడ స్టేషన్ వెనక మా ఇల్లు. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు కొని లాల్‌దర్వాజా గల్లీల్లో అమ్ముకునేదాన్ని. పోయిన వానాకాలంలో గులాబీ కట్టలు దించుతుంటే కుడి పాదంలో ముల్లు దిగింది, దిగిన సంగతే నాకు తెలియలేదు, ఎందుకంటే షుగర్ వల్ల పాదాలకు స్పర్శ ఎప్పుడో పోయింది, తెలిసేసరికి అది చీము పట్టి పుండయి కూర్చుంది.

పసుపు అద్దాను, గుడ్డ చుట్టాను, ఎవరికీ చెప్పలేదు. మా వదిన కాలు ఇలాగే మోకాలి కింద తీసేశారు, చెబితే నాకూ అదే గతి పడుతుందని భయం. తర్వాత వాసన మొదలైంది. పూలమ్మే మనిషి దగ్గర పుండు వాసన వస్తే ఎవరు కొంటారు? అందుకని మల్లెపూలు కొంగు నిండా కట్టుకుని తిరిగాను, ఈ వయసులో సుగుణమ్మకు ఈ షోకేమిటని మీలో కొందరు నవ్వుకున్నారు, ఎవరెవరో కూడా నాకు తెలుసు! మందిరంలో వెనక, చెప్పులు విడిచే చోట కూర్చుని ఒకటే ప్రార్థన చేసేదాన్ని: "ప్రభువా, ఈ కాలు పోతే గంప ఎవరెత్తుతరు? నన్ను బతికించు, కాని మంది ముందట సిగ్గుపాలు చెయ్యకు."

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక రిటైరైన మిలిటరీ ఆఫీసర్ల అసోసియేషన్ వాళ్లు మన మందిరం ఆవరణలో శిబిరం పెట్టారు. దేశానికి చేసిన నౌకరీ అయిపోయింది, పింఛను తింటూ హాయిగా ఇంట్లో ఉండొచ్చు కదా, అయినా బస్తీ బస్తీ తిరిగి షుగర్ చూడడం, పాదాలు చూడడం వాళ్ల పని. నేను గోడ పక్కగా జారుకుంటుంటే నెరిసిన మీసాల కర్నల్ సాబ్ నా కుంటు నడక కనిపెట్టి, కాళ్లు చూపించమని పిలిచాడు. అంతటి మనిషి నా కాళ్లు ముట్టుకోవడమేమిటి, వద్దు సార్ అన్నాను. అప్పుడాయన నెమ్మదిగా అన్నాడు: "మా పల్టన్ల దూరం నడిచొచ్చినంక, జవాన్ల కాళ్లు చూడకుంట ఆఫీసర్ అన్నం ముట్టడమ్మా. నీ కాళ్లు చూసినంకనే నేను తింట."

మాటవరసకు అన్నాడులే అనుకుని ఇంటికి వచ్చేసి అన్నం వడ్డించుకున్నాను. ఇంతలో మందిరం దగ్గర నుంచి మా ఆయన వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, పొద్దంతా కలిపి పది మాటలు మాట్లాడడు. గుమ్మంలోనే నిలబడి, "ఆ కర్నల్ సాబ్ టిఫిన్ డబ్బా సుత తెరవలే. నీ కోసమే కూసున్నడు" అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఒక పెద్దమనిషిని పస్తు పెట్టి నేనెలా తినగలను? భయం పోలేదు, సిగ్గూ పోలేదు, ఏడుస్తూనే వెనక్కి నడిచాను.

కర్నల్ సాబ్ తన మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుని, నా పాదం తన ఇస్త్రీ ప్యాంటు మీద పెట్టుకుని కట్టు విప్పాడు. ఆ వాసనకు నేనే ముఖం తిప్పుకున్నాను, ఆయన తిప్పుకోలేదు! వాళ్లలోనే ఉన్న మిలిటరీ డాక్టరు చూసి, ఇంకొన్నాళ్లు దాచి ఉంటే కాలు దక్కేది కాదన్నాడు. పుండు కడిగి కట్టు కట్టాక కర్నల్ సాబ్ చేతులు కడుక్కుని, డబ్బా తెరిచి, చల్లారిపోయిన చపాతీ ఒకటి నా చేతిలో పెట్టి అప్పుడు తాను తిన్నాడు. ఆ సాయంత్రమే తమ బండిలో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు వేళ్లు పోయాయి, పాదం నిలిచింది. పుండు మానేదాకా వాళ్లే వంతులవారీగా వచ్చి కట్టు మార్చారు. దేవునికే మహిమ!

కర్నల్ సాబ్ మన మందిరం మనిషి కాడు, మంగళవారం గుడికి వెళ్లే మనిషి. అయితేనేం, శిష్యుల కాళ్లు కడిగిన నా ప్రభువు ఆ రోజు ఆ చేతుల్నే వాడుకున్నాడు. సిగ్గుపాలు చేయవద్దని అడిగితే ఆయన నాకసలు ఆ సిగ్గే లేకుండా చేశాడు. ఇప్పుడు శిబిరం ఎక్కడ పెట్టినా నేనూ వెళ్లి, నాలాంటి ఆడవాళ్ల పక్కన కూర్చుని ధైర్యం చెబుతున్నాను.

ప్రియమైనవారలారా, మీరు ఏం దాచుకున్నారో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. విప్పి చూపించండి, ఆయన ముఖం తిప్పుకోడు. ఆఫీసర్లు ఈ రోజు కూడా బయట షామియానా కింద కూర్చున్నారు. మా ఆయనకూ షుగర్ ఉంది, ఊళ్లో అందరినీ వాళ్ల దగ్గరకు పంపాడు, తన కాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు, చూడండి. ఏమయ్యా, నువ్వు లేకపోతే నేనుండలేను. లే, పోదాం.