రికార్డు గదిలో పెట్టించిన సంతకం

రికార్డు గది పెద్దాయనంటే నాకు మొదటి రోజు నుంచీ పడలేదు. ఆయనకీ నేనంటే పడలేదు. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి కంప్యూటర్లు పెట్టిస్తున్నారు. ప్రోగ్రాం రాసేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు. ఇక్కడ ఒక్కొక్క పనీ ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకుని, వాళ్ళకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాసి పంపడం నా ఉద్యోగం. నా కార్డు మీద బిజినెస్ అనలిస్ట్ అని ఉండేది.

"బిజినెస్సా? ఏం అమ్ముతారండి తమరు?" అన్నాడు పెద్దాయన ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి. గదిలో ఉన్న ఇద్దరు నర్సులు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

నిజానికి అక్కడ ఎవరికీ నేను అక్కర్లేదు. వార్డులో అడుగు పెడితే చాలు, "కంప్యూటరావిడ వచ్చింది" అని మాటలు ఆపేసేవారు. నేను వచ్చింది తమ ఉద్యోగాలు ఊడగొట్టడానికేనని వాళ్ళ భయం. అది నిజం కాదని నేనెప్పుడూ చెప్పలేదు. భయపడుతుంటే పని తొందరగా అవుతుందని అప్పట్లో నా తెలివి.

పెద్దాయన మాత్రం భయపడలేదు. ఇరవై ఏళ్ళుగా రోగుల కార్డులన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. కార్డు మీద పేరు, ఊరు, వయసు, తీసుకొచ్చిన పెద్దమనిషి పేరు ఉండేవి. వాటి పక్కన ఆయన సొంత రాత ఒకటి: "మెల్లకన్ను", "పొట్టి", "మిల్లు వెనక వాటా", "నత్తి". చూస్తే అసహ్యం వేసింది. నమ్మి వచ్చిన రోగుల్ని ఇలా వెక్కిరిస్తూ రాసుకుంటారా అని నిలదీశాను.

"వెక్కిరింపు కాదండి, గుర్తండి," అన్నాడు. "మనవైపు తాత పేరు ఇంటికి నలుగురికి పెడతారండి. గుర్తు లేకపోతే ఎవరెవరో ఎలా తెలుస్తుందండి? ఒకళ్ళ మందు ఇంకొకళ్ళకిస్తే ప్రాణం మీదకొస్తుందండి."

"తండ్రి పేరు అడిగితే సరిపోతుంది కదండీ."

ఆయన పడీ పడీ నవ్వాడు. "పెదనాన్న ఎదురుగా కూర్చుంటే తండ్రి పేరు ఎవరు చెప్తారండి? చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్లేదండి మనోళ్ళు."

ఆ నవ్వే లేకపోతే ఆ మాట వినేదాన్నేమో. మాది గుమాస్తా ఇల్లు, అమ్మా నాన్నా నేనూ అంతే. ఉమ్మడి కుటుంబాల్లో ఏ కాగితానికైనా ఇంటి పెద్ద పేరే ఇస్తారని నాకు తెలీదు. తెలుసుకోవడానికే నాకు జీతం ఇస్తున్నారు. ఆ మధ్యాహ్నమే కూర్చుని, ఆ గుర్తులు అనవసరమనీ, అవమానకరమనీ, తీసెయ్యాలనీ రాశాను. పేరూ, ఊరూ, వయసూ, పెద్దమనిషి పేరూ ఒకటే అయితే ఆ రెండు కార్డులూ ఒకే మనిషివనీ, కొత్తది ఉంచి పాతది తీసెయ్యాలనీ కూడా రాశాను.

అలా రాసిన కాగితాల కింద ఆ పని చేసేవాళ్ళు, చదివి ఒప్పుకున్నామని సంతకం పెట్టాలి. పెద్దాయనకి మందుల పేర్లు తప్ప ఇంగ్లీషు రాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పది పేజీలు ముందు పెట్టి, ఆఖరిదాని మీద వేలు చూపించాను.

"ఏంటండి ఇందులో?"

"మీరు చెప్పిందేనండి."

జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకోకుండానే సంతకం చేశాడు. నాతో వాదించి అలిసిపోయాడనుకుని లోలోపల సంబరపడ్డాను.

నాలుగు నెలలకి కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఒకరోజు పొద్దున్నే మండపేట అవతలి ఊరి నుంచి ఒక ఆసామి, కాలు చీము పట్టిన పదేళ్ళ పిల్లని కారులో తీసుకొచ్చాడు. తమ్ముడి కూతురు. నర్సు కంప్యూటర్లో పేరూ ఊరూ కొట్టి చూసింది. ఏ మందూ పడదని అందులో లేదు. అయినా, సూది పడకపోవడం ఏమైనా ఉందా అని ఆసామిని అడిగింది. "అంతా మీ దగ్గర రాసే ఉంది కదండీ," అన్నాడట ఆయన. పెన్సిలిన్ పడుతుందో లేదో చూడడానికి ముంజేతి చర్మంలోకి ఒక చుక్క ఎక్కించారు. ఆ చుక్కకే పిల్ల పెదాలు వాచి, ఊపిరందక కళ్ళు తేలేసింది.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకి నాయనమ్మ పేరే. ఇద్దరిదీ ఒకే ఈడు. ఎవరికి జ్వరమొచ్చినా ఆసుపత్రికి తెచ్చేది పెదనాన్నే. ఈ పిల్ల పాత కార్డు మీద "బుగ్గన సొట్ట" అని, దాని కింద ఎర్ర సిరాతో "పెన్సిలిన్ పడదు" అని పెద్దాయన రాసి ఉంచాడు. నేను రాసిచ్చిన ప్రకారం కంప్యూటరు ఇద్దర్నీ ఒకర్ని చేసి, రెండో పిల్ల కార్డు కొత్తది కాబట్టి దాన్నే ఉంచుకుంది.

పిల్ల బతికింది. డాక్టర్లు గంటసేపు ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. పైకి వెళ్ళే ధైర్యం లేక నేను మెట్ల మీదే కూర్చున్నాను. ఆ గంటలో పిల్ల గురించి ఎంత ఆలోచించానో, నా ఉద్యోగం గురించీ అంతే ఆలోచించాను.

సాయంత్రం పెద్ద డాక్టరు గారు మా ఇద్దర్నీ తన గదికి పిలిచారు. ఆసుపత్రి ఆయనదే. గుర్తులు తీసెయ్యమన్నది ఎవరని అడిగారు. నేను కాగితాల్లో ఆఖరి పేజీ తీసి సంతకం చూపించాను.

"సంతకం నాదేనండి," అన్నాడు పెద్దాయన.

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "ఈయనకి ఇంగ్లీషు రాదు కదమ్మా. ఇందులో ఏముందో తెలుగులో చెప్పావా?"

"చెప్పానండి," అన్నాను.

పెద్దాయన నన్ను చూశాడు. అబద్ధమంటాడని కాచుకుని ఉన్నాను. అంటే ఏమని దబాయించాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన "పిల్లకి ఎలా ఉందండి?" అని డాక్టరు గారిని అడిగాడు. బావుందని విన్నాక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నెలాఖరుకి ఆయన్ని ఉద్యోగం మాన్పించారు. నన్ను ఉంచారు.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆరోజు ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే పట్టుబడిపోయేదాన్ని. పట్టుబడి ఉంటే ఈపాటికి మర్చిపోయి కూడా ఉండేదాన్ని.