వామిలో దూరిన ట్రాక్టరు

నేను ఏడో తరగతితోనే బడి మానేశాను. ఆ సంగతి ట్రాక్టరుకు తెలియదు కనుక మొదట్లో మర్యాదగానే ఉండింది.

ధర్మవరంలో కొన్న పాత బండి అది. కొన్నాక మా ఆయనకు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఊళ్లో బండి నడిపే మగాళ్లంతా అటే పోయారు. మిగిలింది ట్రాక్టరు, నేను, మా అత్త.

ఒక ఆదివారం ఆయనే నేర్పించాడు. ట్రాక్టరుకు బ్రేకులు రెండు, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. దారిలో నడిపేటప్పుడు రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. ఆయన చెప్పాడు, నేను విన్నాను, వేయడం మరిచాను. వీధిలో కుక్క అడ్డం వచ్చేసరికి కంగారులో ఎడమ బ్రేకు ఒక్కటే తొక్కాను. బండి గిర్రున తిరిగి, మా మామ అన్న, అంటే మా పెద్దమామ, పశువుల మేతకు వేసుకున్న శనగకట్టె వామిలో దూరింది. పుట్టింట్లో ఎద్దుల వెనక పెరిగినదాన్ని కదా, స్టీరింగును పగ్గంలా వెనక్కి లాగుతూ "హో... హో..." అని అరిచాను. ఎద్దులైతే నిలబడేవి.

పెద్దమామ వచ్చి చూశాడు. "ఏమ్మా, బండిని మేతకు తోలుకొచ్చినావా?"

"ఆకలైనట్టుండాది పెద్దమామా. ఉత్త డీజిలు యాడ సరిపోతాది?"

నవ్వించాను గానీ, ఆ రోజు నుంచి నేను కనబడితే చాలు, అరుగు మీద నుంచి ఆయన "హో" అనేవాడు. అత్త తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది.

అంతలో వాన పడింది. మాది ఎర్రనేల, రెండెండలు కాస్తే పదును ఆరిపోతుంది. ఆరాక విత్తితే గింజ మొలవదు, ఈ ఏడు చేను బీడే. మా ఆయనకు సెలవు దొరకలేదు. హిందూపురంలో బాడుగ డ్రైవరును అడిగితే "వచ్చే వారం చూస్తాం" అన్నాడు. అత్త మబ్బుల వైపు చూసి, కొంగుముడి విప్పి తాళంచెవి బండికి తగిలించింది.

బండికి తగిలించిన విత్తే గొర్రు మీద కూర్చుని గింజలు వేసేందుకు వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఎక్కడానికి జంకారు.

"అక్కా, వామి దిక్కు పోయేటట్టయితే ముందే చెప్పు, దూకుతాం."

"గింజలు ఇడుస్తాండండే. దూకేది నేను చెప్తాలే."

మాది సన్నటి చేను. మొదటి సాలు చివర బండి తిప్పడానికి చోటు లేదు. ముందర గట్టు, గట్టు మీద తమాషా చూడ్డానికొచ్చిన పెద్దమామ. రెండు బ్రేకులూ కలిపి తొక్కి ఆపాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు బండి ఎంత చిన్న చోటులో తిరిగిందో! ఆడవాళ్లను దించి, గొర్రు పైకెత్తి, కొక్కెం తీసి, ఎడమ బ్రేకు ఒక్కటే తొక్కాను. ట్రాక్టరు ఉన్నచోటే తిరిగి రెండో సాలుకు నిలబడింది.

పెద్దమామ నోట "హో" రాలేదు. "ఇది యాడ నేర్చుకున్యావమ్మా?"

"మీ వామిలోనే పెద్దమామా."

ఆ కొసన ఎడమ బ్రేకు, ఈ కొసన కుడి బ్రేకు. పొద్దు వాలేలోపు చేనంతా విత్తేశాం. పెద్దమామ అప్పటికీ ఇంటికి పోలేదు. ఆయన చేను ఇంకా విత్తకుండా అట్లే ఉంది మరి. మెల్లగా మా అత్త దగ్గరికొచ్చి, "రేపు కోడల్ని మా చేన్లోకి పంపిస్తావా?" అన్నాడు.

అత్త బండికున్న తాళంచెవి తీసి, కొంగున కట్టుకోకుండా నా చేతికే ఇచ్చి, ఆయన వైపు తిరిగింది.

"పంపిస్తా బావా. అయితే పేరు పెట్టి పిలువు. హో అంటే రాదు నా కోడలు."