యాదగిరి అన్న లాగిన్

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతు దాటి రాలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

తెలంగాణ రాకముందు నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. స్టోరు రిజిస్టర్లు తీసేసి సాఫ్ట్‌వేర్ పెట్టారు. స్టోర్‌కీపర్ యాదగిరి అన్నకు అది నేర్పే పని నాకు అప్పజెప్పారు. నేను కొత్తగా చేరినప్పుడు ఏ డ్రమ్ములో ఏముంటుందో చూపించి నాకు పని నేర్పింది ఆయనే. యాభై దాటిన మనిషి. అడిగిందే అడిగేవాడు. నాకంత ఓపిక ఎక్కడిది? నాలాగే నేర్పే పనిలో ఉన్న మిగతావాళ్లంతా ముందుకు పోతున్నారని, నేనొక్కణ్ణే వెనకబడి మాట పడతానని భయం. “జరుగన్నా, నేను కొడ్త” అని చేతిలోంచి మౌస్ లాక్కునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన లాగిన్‌తో ఆయన పనంతా నేనే చేస్తున్నాను. ట్రైనింగ్ పూర్తయిందని కాగితం రాశాను. నన్ను నమ్మి ఆయన సంతకం పెట్టాడు.

సాఫ్ట్‌వేర్ మొదలైన వారంలోనే, ఇంకా టెస్టు కాని సరుకును పాసైనట్టు ఎంట్రీ కొట్టాను. తొందరలో. ఆ సరుకు వాడిన మందుల బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వచ్చింది. మీటింగులో మేనేజర్ స్క్రీను మా వైపు తిప్పాడు. దాని మీద యాదగిరి అన్న పేరుంది.

“నేనే ఏదో తప్పు నొక్కిన్నేమో సార్,” అన్నాడాయన. “తమ్ముడు మంచిగనే నేర్పిండు. నాకే ఎక్కలే. ఆయన్నేం అనకున్రి.”

నేను టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన్ని గేటు దగ్గర డ్యూటీకి వేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. కొద్ది రోజులకే ఆయన పని మానేశాడు.

తెలిసే నన్ను కాపాడాడా? చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది, అంతే.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడి కనిపించాడు. “మా మనుమరాలు కంప్యూటర్ నేర్పుతనంటది తమ్మీ. నాకొద్దని దండం పెట్టిన. మల్ల యాడ ఏం ముంచుతనో అని ఫికర్,” అని నవ్వాడు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. మేడిపల్లి బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

ఆయన ముందు అనాల్సిన మాట మీ ముందు అంటున్నాను. పిరికివాణ్ణి. ఆ ఎంట్రీ కొట్టింది నేనే. యాదగిరి అన్నకు పని రాక కాదు, నేను నేర్పలేదు. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. ఆయన మాత్రం ఇప్పటికీ తప్పు తనదే అనుకుంటున్నాడు.